చచ్చిన ఇంజనుకు తోడు

మా బంధువుల్లో సగం మందికి నేను పైలట్‌నని తెలుసు. మిగతా సగం మందికి ఏ పైలట్‌నో తెలుసు. రైల్వేలో డ్రైవర్ అనే మాట తీసేసి లోకో పైలట్ అని పెట్టినప్పుడు పెళ్ళి పందిళ్ళలో నాకు కొన్నాళ్ళు మర్యాద పెరిగింది. "ఏ రూట్లో వెళ్తారు బాబాయ్?" అని ఎవరో ఒకరు అడిగేదాకా ఆ మర్యాద నిలిచేది. నాది రూటు కాదు, యార్డు. సూరత్ పక్కన ఉధ్నా యార్డులో షంటింగ్. అంటే ఈ లైన్లో ఉన్న పెట్టెల్ని తీసి ఆ లైన్లో పెట్టడం, ఆ లైన్లోవి తీసి ఈ లైన్లో పెట్టడం. ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను తిరిగిన దూరమంతా ఒక తాడులా సాగదీస్తే కన్యాకుమారి ఎన్నిసార్లు వస్తుందో తెలియదు గానీ, నేను మాత్రం ఈ కేబిన్ దగ్గర బయల్దేరి ఆ కేబిన్ దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఎప్పుడైనా పక్కనే ఉన్న బార్డోలీ దాకా పంపితే మా ఆవిడ ప్రయాణానికి పులిహోర కట్టేది, వేళాకోళానికి.

నేను నడిపింది ఒక ముసలి డీజిల్ ఇంజను. కాశీలో పుట్టింది. అక్కడి కార్ఖానాలో తయారైందని దాని పక్కన రేకు మీద పోతపోసి ఉండేది. లోకమంతా చావడానికి కాశీ వెళ్తుంటే ఇది కాశీలో పుట్టి, చావడానికి సూరత్ వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఎక్స్‌ప్రెస్‌లు లాగిందట. తరువాత గూడ్సు, తరువాత ప్యాసింజరు, చివరికి యార్డు. నా సంగతీ అంతే, కాకపోతే ఎక్స్‌ప్రెస్ ఘట్టం నా చరిత్రలో లేదు. లైన్లన్నిటి మీదా కరెంటు తీగలు వచ్చాక కూడా అది మా యార్డులో నల్లగా పొగ వదులుతూ తిరుగుతుండేది. పొగ ఉన్నన్నాళ్ళే పొగరు. పై అధికారులు దాన్ని చూసి ముఖం చిట్లించేవారు. నన్ను చూసి కూడా చిట్లించేవారు గానీ, అది పొగ వల్లేనని నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

దాని బాగోగులు చూసేందుకు ఒక ఖలాసీ ఉండేవాడు. నూనె పోయడం, నీళ్ళు పట్టడం, ఇసుక నింపడం, బోల్టులు బిగించడం అతని పని. కరీంనగర్ దిక్కువాడు. వాళ్ళ నాన్న ఉధ్నా మగ్గాల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకి మెల్లగా మాట్లాడ్డం రాదు. అతనూ అంతే. "ఛాయ్ తాగుదామా" అన్నా పక్క ప్లాట్‌ఫాం మీదవాళ్ళు లేచేవారు. ఇంట్లో తెలంగాణ తెలుగు, డ్యూటీలో హిందీ, బజార్లో గుజరాతీ. మూడూ ఒకే గొంతుతో, ఒకే వాక్యంలో. నాకంటే కొద్దిగా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, ఇంజన్ని ముసల్ది అనేవాడు. "ముసల్దానికి ఇంకా దమ్మున్నదన్నా" అని రోజుకోసారైనా అనేవాడు. నేను దమ్ములేని రోజుల్లో ఆ మాట నా గురించే అనుకుని కాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి.

మా ఇద్దరినీ కలిపింది ఇంజను కాదు, పెరుగు. సూరత్‌లో పప్పులో బెల్లం వేస్తారు, కూరలో చక్కెర వేస్తారు, కొన్న పెరుగు పాయసంలా ఉంటుంది. మా ఆవిడ పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి ఒక గిన్నెలో పెరుగు తెచ్చుకుంది. దాన్నే రోజూ తోడు వేస్తూ, తప్పిపోకుండా ఇన్నేళ్ళూ కాపాడింది. దేవుడి దీపం ఆరినా పట్టించుకునేది కాదు గానీ, తోడు ఉంచకుండా పెరుగు ఖాళీ చేస్తే మాత్రం ఆ రోజు నాకు కూడా తోడు ఉండేది కాదు. ఉధ్నా పక్కనే భేస్తాన్‌లో ఉండే ఖలాసీ భార్యకి ఆ పుల్లటి పెరుగు సంగతి తెలిసి ఒకసారి తోడు అడిగి పంపింది. నేనే స్టీలు డబ్బాలో తీసుకెళ్ళి ఇంజను మీద అతని చేతికిచ్చాను. అప్పట్నుంచి ఏ ఇంట్లో పెరుగు చెడినా రెండో ఇంటి నుంచి తోడు వచ్చేది. మధ్యలో రవాణా అంతా ముసల్ది చూసుకునేది. నా సర్వీసులో నేను సురక్షితంగా చేరవేసిన సరుకు అదొక్కటే అని మా ఆవిడ అంటుంది.

లోకాన్ని మూసేసిన ఆ రోగం రావడానికి ముందు, చలికాలం చివర్లో, ఇంజన్ని కండెమ్ చేసినట్టు చెప్పారు. వయసు అయిపోయింది, ఇక నర్మద అవతలున్న తుక్కు డిపోకి పంపాలి. మా సూపర్‌వైజరు ఈ మాట చెబుతూ ఇంజను వైపు కాక నా వైపు చూశాడు. నాకూ దానికీ ఇంచుమించు ఒకే ఏడు రిటైర్‌మెంటు కాబట్టి నేను కూడా తల వంచుకుని విన్నాను.

ఇక్కడ రైల్వే భాషలో ఒక మాట చెప్పాలి. తనంతట తాను నడవలేని ఇంజన్ని మేము డెడ్ అంటాం. డెడ్ అయిన ఇంజన్ని వేరే ఇంజను వెనక కట్టి పంపుతారు. అయితే ఒంటరిగా పంపకూడదు. లోపల తోడుగా మనిషి ఉండాలి. దారిలో బ్రేకు పట్టేస్తే వదిలించాలి; బండి ఆగిన ప్రతిచోటా దిగి, చక్రాల పక్కనున్న ఇరుసు పెట్టెల మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, కాలుతున్నాయేమో చూడాలి. పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టే. కాలితే దాన్ని హాట్ ఎక్సెల్ అంటారు. డిపోలో అప్పగించేదాకా తోడు వెళ్ళినవాడు దాన్ని వదలకూడదు. చచ్చినదాన్ని ఒంటరిగా పంపకూడదని ఇంత కచ్చితంగా చెప్పిన శాస్త్రం నాకు తెలిసి గరుడపురాణం తరువాత రైల్వే రూలు పుస్తకమే.

ఆ రోజు ఇంజను మీద రొట్టె తింటూ ఖలాసీ అన్నాడు.

"అన్నా, ముసల్దాన్ని సాగనంపెటప్పుడు మనిద్దరమే పోవాలె. వేరేటోళ్ళు పోతే ఫోన్ జూస్కుంట కూసుంటరు. ముసల్ది పరేషాన్ అయితది."

"చచ్చినదానికి పరేషాన్ ఏమిటయ్యా?"

"చచ్చినోళ్ళకే ఉంటదన్నా. బతికున్నోళ్ళకు డ్యూటీ ఉంటది."

ఇద్దరం వెళ్దామని అప్పుడే అనుకున్నాం. మా దగ్గర అలవాటు కూడా అదే: షెడ్డు మనిషి ఒకరు, నడపడం వచ్చిన మనిషి ఒకరు. దారిలో ఎక్కడ ఏం తినాలో కూడా అతను చెప్పేశాడు. వాళ్ళావిడ జొన్నరొట్టెలు కడుతుంది, మేము పెరుగు తెస్తాం, నర్మద వంతెన మీద ఇద్దరం చెరో పైసా నదిలో వేస్తాం. తపతిలో వెయ్యక్కర్లేదట. "అది మనింటి నదే గదా, ఇంట్ల ఎవడన్న హుండీ పెడతడా" అన్నాడు. నేను జీవితంలో ఏ ప్రయాణానికీ అంతగా ఎదురుచూడలేదు. పెన్షన్ కాగితాల మీద సంతకాలు పెడుతూ కూడా దాని గురించే ఆలోచించేవాణ్ణి. ఉద్యోగం అంతా ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేసినవాణ్ణి; చివరికి ఒకసారి ఎక్కడికో వెళ్తున్నాను, పైగా నడపక్కర్లేదు.

అప్పుడు లాక్‌డౌన్ వచ్చింది. తుక్కు డిపో మూసేశారు. డెడ్ ఇంజన్లు ఎక్కడివి అక్కడే ఉండాలన్నారు. అందరి మెడకీ తాడు పడిన రోజుల్లో మా ముసల్దానికి ఉరి వాయిదా పడింది. సరుకు బండ్లు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి యార్డుకి ఇంజను కావాలి, కొత్త ఇంజను పంపే నాథుడు లేడు కాబట్టి మళ్ళీ దీన్నే వాడుకోమన్నారు. కండెమ్ చేసిన ఇంజను, కండెమ్‌కి దగ్గరపడిన డ్రైవరు, ఇద్దరూ అత్యవసర సేవల్లోకి వచ్చేశాం. రైల్వే క్వార్టర్లన్నీ క్వారంటైన్లయ్యాయి. రెంటికీ తేడా జీతంలో అద్దె కోసుకోవడం ఒక్కటే.

పని లేనప్పుడు ఇంజను ఆపేయమని, నూనె ఆదా చెయ్యమని పైనుంచి మాట వచ్చింది. దాని బ్యాటరీ సంగతి తెలిసినవాళ్ళెవరూ దాన్ని ఆపరు. ఒకసారి ఆగితే మళ్ళీ ఊపిరి తీసుకోవడానికి ఇంకో ఇంజను తోడు కావాలి. అయినా మాట మాటే కాబట్టి ఒక మధ్యాహ్నం ఆపాం.

అంత నిశ్శబ్దం ఉధ్నాలో నేనెప్పుడూ వినలేదు. మగ్గాలు ముందే ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ పగలూ రాత్రీ పట్టాల అవతల నుంచి వచ్చే ఆ టకటక ఉందని మాకు తెలిసిందే అది ఆగాక. ఖలాసీ కొంతసేపు ఇంజను మెట్ల మీద కూర్చుని, చప్పుడు బందైనకాడి నుంచి తనకు నిద్ర వస్తలేదన్నాడు. అప్పుడు కూడా గట్టిగానే అన్నాడు. ఆ మాట ఖాళీ యార్డంతా తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. మర్నాడు ముసల్దాన్ని లేపడానికి పొద్దంతా పట్టింది. ఆ తరువాత ఎవరూ దాన్ని ఆపమనలేదు.

ఎండలు ముదిరాక కూలీల కోసం బండ్లు వేశారు. ఖాళీ పెట్టెల్ని కడిగే చోటు నుంచి తెచ్చి ప్లాట్‌ఫాం మీద పెట్టడం మా పని. ఒక్కో బండి ఒడిశాకి, ఒక్కోటి బీహారుకి, ఒక్కోటి యూపీకి. జనం స్టేషను బయట ఎండలో సంచుల మీద కూర్చుని ఉండేవారు. మూతికి రుమాళ్ళు. వాళ్ళలో మనవాళ్ళూ ఉండేవాళ్ళు: జగిత్యాల, సిరిసిల్ల వైపువాళ్ళు. కంచె దగ్గర ఖలాసీ గొంతు విని తెలుగువాళ్ళమని పసిగట్టి పిలిచేవారు. మా దిక్కు బండి ఎప్పుడని అడిగేవారు. ఇంజను నడిపేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. పెళ్ళి పందిళ్ళలో నన్ను చూసి పైలట్ అని నమ్మినవాళ్ళ కళ్ళు కూడా అంత ఆశగా ఉండేవి కావు. తెలియదని చెప్పేవాణ్ణి. ఒకతను మాత్రం, తెలియకపోతే ఇంత పెద్ద ఇంజను ఎందుకు నడుపుతున్నావన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని. 

ఖలాసీ వాళ్ళకి డబ్బాలతో నీళ్ళు అందించేవాడు. మాతో పాటు యార్డులో తిరిగే ముసల్ది వాళ్ళని చూస్తూ ఈ చివర్నుంచి ఆ చివరికి పోతూ ఉండేది. "మనం బండి తెచ్చి పెట్టెటోళ్ళమే అన్నా, ఎక్కెటోళ్ళం గాదు" అన్నాడు ఒక సాయంత్రం. తన ఊరివాళ్ళలో కొందరు లారీలెక్కి వెళ్ళిపోయారు. కొందరు నడిచారని విన్నాం. కొందరు ఎటూ పోలేక భేస్తాన్‌లోనే ఉండిపోయారు. ఆ నెలల్లో పాలు దొరక్క మా ఇంట్లో పెరుగు తప్పిపోయింది. మా ఆవిడ ఇన్నేళ్ళ తోడు పోయిందని పెద్దగా ఏమీ అనలేదు. ఆ రోజుల్లో అందరం పెద్ద పెద్ద విషయాలకే ఏమీ అనకుండా ఉన్నాం. వారం తిరక్కుండా భేస్తాన్ నుంచి స్టీలు డబ్బా వచ్చింది, మా తోడే మాకు తిరిగి. ఇంజను మెట్టు మీద పెట్టి, అతను ఆరడుగులు వెనక్కి వెళ్ళి నిల్చుంటే, నేను వెళ్ళి తీసుకున్నాను.

చలికాలం వచ్చేసరికి అందరికీ రోగం పోయిందనిపించింది. మగ్గాలు మళ్ళీ మోగాయి. ముసల్దాని కాగితాలు కూడా మళ్ళీ కదిలాయి. హోలీ అయ్యాక పంపేస్తామన్నారు. ఇద్దరం వెళ్తామని నేను సూపర్‌వైజరుతో ముందే చెప్పి ఉంచాను. రిటైరయ్యేలోగా ఇదొక్కటీ కావాలన్నాను. నవ్వి సరేనన్నాడు. ఖలాసీ తన రెంచీలకు కొత్త సంచి కొన్నాడు. అంత్యక్రియలకి కొత్త బట్టలు కొనుక్కునే మనిషిని అప్పుడే చూశాను.

హోలీ అయింది. రంగులు కడుక్కునేలోపే మళ్ళీ మొదలైంది. ఈసారి అది వార్తల్లోంచి రాలేదు, పక్క క్వార్టర్లోంచి వచ్చింది. ఒకరోజు డ్యూటీకి వచ్చేటప్పటికి ఖలాసీ గేటు దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. నుదుటికి పెట్టి చూసే తుపాకీలాంటిదేదో అతన్ని లోపలికి వద్దంది.

"హాట్ ఎక్సెల్ అయిందన్నా నాకు" అన్నాడు నన్ను చూసి.

నలభై ఏళ్ళ అలవాటు. ఎక్సెల్ అనేసరికి నా చెయ్యి దానంతట అదే వెనక్కి తిరిగి ముందుకు సాగింది. అతను చప్పున వెనక్కి జరిగాడు. "ముట్టకు" అన్నాడు. నేను గాల్లో ఉన్న చేతిని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ అంత దగ్గరగా చూడలేదు అతన్ని.

మా రైల్వే ఆసుపత్రిలో చోటు లేదు. ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో దొరికింది. వాళ్ళావిడకీ జ్వరం తగిలి భేస్తాన్‌లో ఒక గదిలో ఒక్కతే ఉండిపోయింది. పిల్లల్లేరు. మా ఆవిడ అన్నం కట్టిస్తే నేను వెళ్ళి గుమ్మం బయట పెట్టి వచ్చేవాణ్ణి. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోనూ అతని దగ్గరే కాబట్టి, తలుపు అవతల నుంచి ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది, ఆయన ఏమన్నా అన్నాడా అని. అతనికి ఫోన్ చేసే అవకాశం రోజుకి ఒక్కసారి దొరికేది, అదీ అక్కడి నర్సు దయ తలిస్తే.

ఒక సాయంత్రం అతనే చేశాడు. గొంతు అతనిదని పోల్చుకోవడానికే కొంచెంసేపు పట్టింది. మగ్గాల గొంతు పోయి, పక్కగదిలో పిల్లల్ని లేపకూడదని మాట్లాడే గొంతు వచ్చింది. తగ్గింది కదా అనడిగాను.

"దమ్మొస్తున్నదన్నా" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. రేపోమాపో లేచి కూర్చుంటావన్నాను. ముసల్ది నీ కోసం ఆగి ఉందన్నాను. అది నిజమే, డిపో మళ్ళీ మూసేయడంతో ప్రయాణం మళ్ళీ వాయిదా పడింది. నర్మదలో వేసే పైసలు జేబులో పెట్టుకు తిరుగుతున్నానని కూడా చెప్పాను. "సరే అన్నా" అన్నాడు. ఇంకేదో అనబోయి, మాట మధ్యలో గాలి కోసం ఆగి, మళ్ళీ "సరే" అనే అన్నాడు.

వెంటనే భేస్తాన్ వెళ్ళి తలుపు బయట నిలబడి, దమ్ము వస్తోందన్నాడమ్మా, శుభవార్త అని చెప్పాను.  తలుపు అవతల నుంచి ఆమె అంది, "అన్నా, మా దిక్కు దమ్మొచ్చుడంటే ఆయాసమొచ్చుడే."

మా కోస్తాలో దమ్ము వస్తే మనిషి లేచి నిలబడతాడు. వాళ్ళ దిక్కు దమ్ము వస్తే మనిషి కూలబడతాడు. ముసల్ది గురించి ఇన్నేళ్ళూ ఒకే మాటతో మాట్లాడుకున్నాం కాబట్టి మా ఇద్దరి మాటా ఒకటే అనుకున్నాను. నాకు తెలిసినంత మాత్రాన అక్కడ మారేదేమీ లేదు. నాలుగు గోడల మధ్య, ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. చెయ్యగలిగినవాళ్ళు చేస్తూనే ఉన్నారు. కానీ ఆ నెలంతటిలో నాకు దొరికిన ఒక్క సంతోషం ఉధ్నా నుంచి భేస్తాన్ దాకా స్కూటర్ మీద వెళ్ళినంతసేపే నిలిచింది. అదీ పొరపాటున దొరికింది.

తరువాతి ఫోను అతని నంబరు నుంచి రాలేదు, ఆసుపత్రి నుంచి వచ్చింది.

వాళ్ళావిడ గది దాటకూడదు. నేను వెళ్ళాను. ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు నా రైల్వే గుర్తింపు కార్డు చూసి, నమస్కారం పెట్టి, లోపలికి మాత్రం వద్దన్నాడు. ఎవరికీ లేదన్నాడు. చాలాసేపటికి ఒక వ్యాను బయటికొచ్చింది. అందులో ఎంతమంది ఉన్నారో తెలియదు. తోడు ఎవరు వెళ్తున్నారని అడిగాను. డ్రైవరున్నాడుగా అన్నాడు. డ్రైవరు నడుపుతాడు, తోడు ఎవరని మళ్ళీ అడిగాను. నేనే డ్రైవర్ని కాబట్టి ఆ తేడా నాకు తెలుసు. అతను నన్ను జాలిగా చూశాడు. రోజంతా నాలాంటివాళ్ళనే చూస్తున్నట్టున్నాడు.

"కాకా, ఆప్‌కా కామ్ యహీ తక్ థా. ఘర్ జాయియే."

నా పని ఇక్కడిదాకానేనట, ఇక ఇంటికి వెళ్ళాలట. మా రూలు పుస్తకం తెచ్చి అతనికి చూపించాలనిపించింది. చచ్చినదాన్ని ఒంటరిగా పంపకూడదు, ఆగిన ప్రతిచోటా దిగి చెయ్యి ఆనించి చూడాలి, అప్పగించేదాకా వదలకూడదు అని. ఆ రూలు నూట పాతిక టన్నుల ఇనుముకే వర్తిస్తుంది. స్కూటర్ మీద వ్యాను వెనకాలే తపతి ఒడ్డున శ్మశానం దాకా వెళ్ళాను. అక్కడ వ్యాన్లు సిగ్నల్ పడని బండ్లలా ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. అతను ఉన్నది ఏదో కాసేపటికి నేను పోల్చుకోలేకపోయాను. అన్నీ తెల్లవే. యార్డులో వందల పెట్టెల మధ్య కావలసిన పెట్టెని వెతికి పట్టుకోవడమే నా వృత్తి.

వానలు వెనకబట్టాక ముసల్ది కాగితాలు మూడోసారి కదిలాయి. డెడ్‌గా పంపే ముందు దాన్ని పరీక్షించి, చచ్చి ప్రయాణం చేయడానికి అర్హురాలని సర్టిఫికెట్ ఇస్తారు. ఇచ్చారు. ఇంజన్ని చివరిసారి ఆపింది నేనే. మీట లాగాక కూడా అది వెంటనే ఆగలేదు. కొన్ని ఊపిర్లు పీల్చి, ఒకసారి వణికి, ఆగింది. ఈసారి యార్డు నిశ్శబ్దంగా లేదు. పట్టాల అవతల మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. వాటికేం తెలుసు.

షెడ్డు నుంచి రెండో మనిషి లేడన్నారు. ఉన్నవాళ్ళు తక్కువ, పోయినవాళ్ళ చోట ఇంకా ఎవరూ రాలేదు. ఒక్కణ్ణే వెళ్తానన్నాను.

బయల్దేరే ముందు అతని భార్య యార్డు గేటు దాకా వచ్చింది. చాలా చిక్కిపోయింది. చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, స్టీలు డబ్బాలో పెరుగు.

"ఆయన పోదామన్నడు గదన్నా. జర ఇవి పట్టుకపో."

"తిరిగొచ్చి డబ్బా ఇస్తానమ్మా" అన్నాను.  ఆమె తల ఊపింది. అవునని ఊపిందో కాదని ఊపిందో తెలియలేదు.

గూడ్సు ఇంజను వెనక మమ్మల్ని కట్టారు. కరెంటు ఇంజను కాబట్టి చప్పుడు లేకుండా లాగింది. ముసల్ది లోపల కూర్చుని ముసల్ది చప్పుడు వినకపోవడం, పడుకున్న మనిషి గుండె మీద చెవి పెడితే ఏమీ వినపడనట్టుంది. నా సీటు ఎదుటి సీటు ఖాళీ. దాని మీద రెంచీల సంచి పెట్టుకున్నాను, అతను కొన్న సంచే. సూరత్ స్టేషను దాటి తపతి వంతెన మీదికి ఎక్కాం. ఒడ్డున శ్మశానం పొగగొట్టం కనిపించింది. వంతెన దాటేదాకా నేను లేచి నిలబడి ఉన్నాను. అక్కడ పైసా వెయ్యలేదు. మనింటి నదే.

వేరే బండ్లకి దారిస్తూ బండి లూప్ లైన్లో ఆగిన ప్రతిచోటా దిగాను. ఒక్కో ఇరుసు పెట్టె మీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టాను. అన్నీ చల్లగా ఉన్నాయి. ఒక స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చూసి, చచ్చిన ఇంజనుకి ఇంత వైద్యమా అని నవ్వాడు. నేనూ నవ్వాను. నర్మద మీద రెండు పైసలు వేశాను. ఒకటి కింద నీళ్ళలో పడింది. రెండోది ఇనప దూలానికి తగిలి టంగుమని ఎటో పోయింది. ఏది ఎవరిదో చూడలేదు.

తెల్లారి డిపో చేరాం. గేటు దగ్గర ముసల్దాన్ని వాళ్ళ ఇంజనుకి తగిలించారు. నేను లోపలికి వెళ్ళబోతే అక్కడి మనిషి సంతకం తీసుకుని, మాస్కు వెనక నుంచి, నా పని ఇంతవరకేనన్నాడు. లోపలికి బయటివాళ్ళని రానివ్వడం లేదట, రోగం వల్ల. గేటు అవతల వరసగా ఉన్న సగం కోసిన ఇంజన్ల మధ్యకి అది వెనక్కి వెనక్కి నడిచిపోయింది. కాశీ రేకు కాసేపు కనిపించింది.

ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని రొట్టెలు తిన్నాను. పెరుగు బాగా పులిసింది. మా పుట్టింటి పులుపు, అంటే మా ఆవిడ పుట్టింటిది. అడుగున ఒక చెంచాడు మిగిల్చి మూత పెట్టాను.

ఇంటికొచ్చాక, ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని మా ఆవిడ అందులో కొత్తగా పెరుగు తోడుపెట్టి ఇచ్చింది. భేస్తాన్ వెళ్తే ఆ గదికి వేరే తాళం ఉంది. ఖలాసీ భార్య మొన్ననే సామాను తీసుకుని తన తమ్ముడితో ఊరెళ్ళిపోయిందని పక్కింటి గుజరాతీ ఆవిడ చెప్పింది. ఏ ఊరో ఆ పక్కింటావిడకి తెలియదు. నాకూ తెలియదు. కరీంనగర్ దిక్కు అని తెలుసు, అంతే. ఇన్నేళ్ళలో ఊరి పేరు అడగాలని తోచలేదు.

మాస్కు తీసి డబ్బా మూత తెరిచి చూశాను. ఎండకి కొంచెం నీరు తేలింది. స్కూటర్ ముందు పెట్టుకుని, తొణక్కుండా, మెల్లగా ఇంటికి తీసుకొచ్చాను.